శుక్రవారం నూనె

బహుళ పంచమి

ఉప్పుమొగ లంక, ఓలేటివారి ఇల్లు. రాస్తున్నది నూకరత్నం.

తీర సంస్థ వారికి,

ప్రతి ఇంటి నుంచి ఒకరు ఏ రోజు సంగతులు ఆ రోజు మీరిచ్చిన యంత్రపు పలక మీద రాసి పంపాలని మీరే కదా రూలు పెట్టారు. ఇన్నాళ్ళూ "వంట అయింది, వలలు ఆరేశాం, అందరం కులాసా" అని రాసి ఊరుకున్నాను. అందులో సగం అబద్ధం. చదివే నాథుడు లేడని తెలిసి అలా కానిచ్చాను. ఇవాళ్టి నుంచి నిజం రాస్తాను. చదివితే చదవండి, లేకపోతే మానెయ్యండి.

పొద్దున మీ మూగపడవ వచ్చింది. మనిషి లేకుండా, చప్పుడు లేకుండా తనంతట తనే వచ్చే మీ తెల్ల పడవల్ని మేం మూగపడవలంటాం. బియ్యం, మందులు దించుకున్నాక అది గొంతు విప్పింది. అమావాస్య దాటితే ఉప్పుమొగ లంకకి పడవలు రావట. సముద్రం ఇంకా పైకి వస్తుందట. మమ్మల్నందరినీ మెరక మీద మేడల్లో పెడతారట. "సొంత మోటారు నావ ఉన్న లంకలకు మినహాయింపు" అని చివర్లో గబగబా చదివేసింది. అమావాస్య నాడు లంక తాలూకు నావ తన మోటారుతో తానే, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి అవతల మీ రేవుకి చేరితే, ఆ లంకని ఖాళీ చేయించరు. అదొక్కటే దారి.

ఆ రూలు పాతది. తీసెయ్యడం మరిచిపోయారో, మా దగ్గర ఇంజిన్లు లేవన్న ధీమాతో ఉంచారో మీకే తెలియాలి. ఉన్న ఇంజిన్లన్నీ పట్టుకుపోయింది మీరే కదా.

ఒకటి వదిలేశారు. మా పెరట్లో ఉంది. నావ వెనక బిగించుకునే చిన్న వేట ఇంజిను. బొత్తిగా చచ్చిపోయిందని మీ మనుషులు దాన్ని కాలితో తన్ని చూసి వదిలేశారు. అప్పట్నుంచి మా పెట్ట దాని కింద గుడ్లు పెడుతోంది. ఇవాళ ఆ పెట్టని వేరే చోటికి తోలాను.

మెరక మీదికి వెళ్ళినవాళ్ళు ఒక్కరు కూడా చుట్టపుచూపుకైనా తిరిగి రాలేదు. మీ పడవలు మనుషుల్ని అటు తీసుకెళ్తాయి గాని ఇటు తీసుకురావు. నా మొగుడు కూడా అటు వెళ్ళినవాడే, ఆ గొడవ ఇక్కడ అనవసరం. నేను మాత్రం ఇక్కడి నుంచి కదలను. ఇంజిను బాగుచేస్తాను.

షష్ఠి

పొద్దున్నే ఇంజిను విప్పాను. విప్పకుండా ఉంటేనే బాగుండేది. కాయిలు కాలిపోయింది, ప్లగ్గు లేదు, కార్బురేటరు ఉప్పు పట్టి రాయయింది, నీళ్ళలో తిరిగి నావని తోసే ఫ్యాను రెక్క విరిగింది. అన్నిటికంటే ముఖ్యమైనది, నీళ్ళ పంపులోని రబ్బరు పువ్వు, ముట్టుకుంటే పొడి అయిపోయింది. అరచేతిలో పట్టే చక్రం అది, చుట్టూ రేకులుంటాయి. ఏటి నీళ్ళని పైకి తోడి ఇంజిను చుట్టూ తిప్పి చల్లబరిచేది అదే. అది లేకపోతే అన్నం ఉడికేలోపు ఇంజిను మాడిపోతుంది.

కొనడానికి అంగడి లేదు. చిన్న ఇంజిన్లకి సామాను చెయ్యడం నా చిన్నప్పుడే మానేశారు. కాబట్టి మీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. మీరు ఇంజిన్లు పట్టుకుపోయిన నాడు మా లంకలో ఏ ఇల్లూ ఇంజిను మొత్తం ఇవ్వలేదు. ఇన్నేళ్ళు కూడు పెట్టినదాన్ని వట్టిచేతులతో సాగనంపుతామా? ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో ముక్క విప్పి దాచుకున్నారు. దేవుడి గూట్లో పెట్టి పసుపు రాసి, బొట్టు పెట్టారు. శుక్రవారం వస్తే కొబ్బరినూనె పట్టిస్తారు. పెళ్ళయితే కొత్త కోడలు ముందు దానికే దణ్ణం పెట్టుకోవాలి. తుఫాను తర్వాత అందరికీ ఒకేసారి పంచిన ఇంజిన్లు అవి, అన్నీ ఒకే రకం. అంటే నాకు కావలసిన సామానంతా దేవుళ్ళయి కూర్చుంది.

దేవుణ్ణి బిగించుకుంటాను ఇమ్మని ఎలా అడగడం? సిగ్గు విడిచి అడిగాను. ముందు పక్కింటి వీరమణి వదిన దగ్గరికే వెళ్ళాను. ఆవిడ గూట్లో కాయిలు ఉంది.

"తీసుకెల్లు గాని, కాళ్ళకి దణ్ణం పెట్టుకుని తియ్యి" అంది వదిన.

"కాయిలుకి కాళ్ళెక్కడున్నాయి వదినా?"

"నీకు ఎక్కడ కనపడితే అక్కడ పెట్టుకో. ఎటకారం ఒకటి."

దణ్ణం పెట్టుకునే తీశాను. పసుపు తుడిచి చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. శుక్రవారం నూనె దాని ఒంటి మీద ఒక్క తుప్పు మచ్చ పడనివ్వలేదు. ఆ సంతోషం ఏమని చెప్పను. వదినని కావిలించుకున్నాను, ఆవిడ "చాల్లే, చేపల వాసన" అని తోసేసింది.

అష్టమి

ప్లగ్గు వచ్చింది, కార్బురేటరు వచ్చింది, ఫ్యాను వచ్చింది. ఇచ్చేటప్పుడు కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. ఒకావిడ హారతి ఇచ్చి సాగనంపింది. అన్నీ నూనె తాగి నిగనిగలాడుతున్నాయి. మా ఆడవాళ్ళ భక్తి ఇనుముకి ఇంత మేలు చేస్తుందని నాకు తెలియదు.

పెట్రోలు ఎక్కడిదని అడగబోతున్నారేమో. తాటిచెట్లు మీ దయవల్ల కాక, వాటి మొండితనం వల్ల ఇంకా నిలబడే ఉన్నాయి. కల్లు కాచి సారా తీశాం. రెండుసార్లు కాస్తే మంట పట్టేంత ఘాటు వస్తుంది. ఇంజినుకి లోపల జారుడు కావాలి కాబట్టి ఆముదం కలిపాను. కార్బురేటరులో చిల్లు కాస్త పెద్దది చేశాను. మీ నిషేధాల్లో సారా కూడా ఉందని తెలుసు.

సాయంత్రం రేవులో ఇంజినుని నావకి బిగించి తాడు లాగాను. చేతులు పడిపోయేదాకా లాగాను. చివరికి దగ్గింది, ఉమ్మింది, పట్టుకుంది. ఆ చప్పుడు విని జనం వంటలు వదిలేసి వచ్చారు. లంకంతా ఆముదం కాలిన వాసన. ముసలివాళ్ళు ఆ పొగ పీల్చుకుని నవ్వుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కాని వెనక ధార రాలేదు. ఇంజిను చల్లబడుతోందంటే వెనక చిల్లులోంచి సన్నగా నీళ్ళు రావాలి. మావాళ్ళు దాన్ని ఉచ్చ పొయ్యడం అంటారు, మీ భాషలో ఏమంటారో. "పోత్తందా?" అని అందరూ వంగి చూస్తున్నారు. పొయ్యలేదు. ఆవిరి లేచేసరికి ఆపేశాను.

రబ్బరు పువ్వు లంకలో ఒక్క ఇంట్లోనే ఉంది. పేర్రాజు మావ ఇంట్లో. మిగతా అందరూ ఇనుము దాచుకుంటే ఆయన అది దాచుకున్నాడు. ఆయన కొడుకు సింహాద్రి మొగ దగ్గర కెరటానికి పోయాడు. నావ ఒడ్డుకి కొట్టుకొచ్చింది, వాడు రాలేదు. ఆ రోజు పొద్దున్నే వాడు తన చేత్తో ఇంజినుకి కొత్త రబ్బరు పువ్వు వేసుకుని వెళ్ళాడు. వాడు ఆఖరున ముట్టుకున్న వస్తువని మావ దాన్ని తీసి పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన నావ ఎక్కలేదు. భార్య పోయాక శుక్రవారం పూజ కూడా ఆయనే చేసుకుంటున్నాడు.

వెళ్ళి అడిగాను.

"ఇయ్యను" అన్నాడు.

"లంకే పోతే నీ గూడు ఎక్కడ పెడతావు మావా?"

"నెత్తిన పెట్టుకుని ఎల్తాను. నీకెందుకే?"

"అందరూ ఇచ్చారు."

"ఆల్లది ఇనుము. నాది నా కొడుకు."

నాకు కోపం నషాళానికి అంటింది. "నీ కొడుకు రబ్బరు ముక్కలో లేడు, మొగలో ఉన్నాడు. మెరక మీదికి పోతే వాడికి దూరమయ్యేది నువ్వే" అన్నాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. లేచి తలుపు వేసుకున్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అయినా ఆ మాట అబద్ధం కాదు.

దశమి

మీ మూగపడవ మళ్ళీ వచ్చింది. ముందే బయల్దేరేవాళ్ళకి కిటికీ ఉన్న గది ఇస్తారట. ఆ మాటకి రెండు ఇళ్ళవాళ్ళు పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు. గాలి పీల్చుకోవడానికి కూడా వరస కట్టాలన్నమాట అక్కడ. ఈ సంగతి మీరే చెప్పి మంచిపని చేశారు.

మధ్యాహ్నం పేర్రాజు మావ మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఎర్రగుడ్డ మూట. లోపలికి రమ్మంటే రాలేదు.

"నువ్వన్నది రెండు రోజులు ఆలోసించాను. పట్టు" అన్నాడు.

మూట విప్పాను. కొబ్బరినూనె వాసన గుప్పున కొట్టింది. కళ్ళకద్దుకుని నీళ్ళ పంపు గిన్నె తెచ్చి అందులో దించబోయాను. దిగలేదు. తిప్పి చూశాను, అటు పెట్టాను, ఇటు పెట్టాను. రేకులు ఉబ్బిపోయి ఉన్నాయి. గోరుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఏం చేశావు మావా దీన్ని?"

"ఏం చేత్తాను? శుక్రవారం శుక్రవారం నూనె రాశాను. ఒక్క వారం మానలేదు. జొరం వచ్చినా మానలేదు."

ఇనుముకి ప్రాణం పోసిన నూనే రబ్బరుని తినేసింది. నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుందని ఇంజిను పనిచేసే ప్రతివాడికీ తెలుసు. మావకీ తెలుసు, జీవితమంతా ఇంజిన్లతో బతికినవాడు. కాని గూట్లో పెట్టాక అది ఆయనకి రబ్బరు కాదు. కొడుక్కి తలంటుతున్నాననుకున్నాడు. లంకలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. నా గూట్లో ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

పువ్వుని గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయనకి అర్థమైంది.

"నేనే పాడుసేసేనా?" అన్నాడు.

కొంగుతో ఆయన చెయ్యి తుడిచాను, అంతా నూనె.

ద్వాదశి

నిన్నంతా పాత లారీ టైరు కోసి పువ్వు చెక్కాను. రెండు వేళ్ళు తెగాయి. ఇవాళ వేసి చూస్తే టైరు రబ్బరు వంగలేదు, రేకులు పెళుసుగా విరిగి గిన్నెలో ఇరుక్కున్నాయి. వాటిని ఊడబెరికేసరికి మధ్యాహ్నం అయింది. ఎవరి మీదా కాక నా మీదే కోపం వచ్చి సుత్తి ఏట్లోకి విసిరేశాను. తర్వాత మునిగి వెతుక్కున్నాను, లంకలో ఉన్నది ఆ ఒక్క సుత్తే.

తడిబట్టలతో పైకి వచ్చేసరికి పేర్రాజు మావ ఏదో బరువు ఈడ్చుకుంటూ వస్తున్నాడు.

"ఏంటది మావా?"

"కొబ్బరిచెట్లకి మందు కొట్టే పంపు."

నిలబడి రెండు చేతులతో మీట ముందుకీ వెనక్కీ ఆడించే పాతరకం పంపు అది. ఒక గొట్టం బకెట్లో వేస్తే, రెండో గొట్టంలోంచి చెట్టు చివరిదాకా మందు కొట్టేది.

"కొబ్బరిచెట్లన్నీ ఉప్పుకి పోయాయి కదా. ఇప్పుడెందుకు?"

"సెట్లు పోయాయి, పంపుంది. నీ ఇంజినికి నీల్లు కావాలి, అంతేనా? పువ్వు తోడితే ఏంటి, నేను తోడితే ఏంటి?"

ఒక గొట్టం ఏట్లోకి, రెండోది ఇంజిను లోపలి రాగి గొట్టానికి. అంతే. ఇంత తేలికైన సంగతి నాకెందుకు తట్టలేదో తెలియదు. కాని మొగ దాటేదాకా ఎవరో ఒకరు ఆపకుండా మీట ఆడించాలి. ఆపితే ఇంజిను మాడుతుంది.

"కుర్రాళ్ళనెవరినైనా పెడదాం మావా. నువ్వు నావ ఎక్కి ఎన్నాళ్ళయింది."

"నూనె రాసింది నేను. నీల్లూ నేనే పోత్తాను. ఇంకొకడు సెయ్యేత్తే ఊరుకోను" అన్నాడు.

ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. నిజం చెప్పాలంటే వాదించాలని కూడా అనిపించలేదు.

చతుర్దశి

వెనక కాలవలో నడిపి చూశాం. మావ మీట ఆడించినంతసేపూ వెనక ధార సన్నగా, నిలకడగా పడింది. ఒడ్డున ఉన్నవాళ్ళు "పోత్తంది, పోత్తంది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వీరమణి వదిన నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. ఆయన చెయ్యి నెమ్మదిస్తే ధార సన్నగిల్లుతుంది. ఆయన ఊపిరి, దాని ఊపిరి ఒకటైపోయాయి.

పెట్టెలు సర్దినవాళ్ళలో ఒక ఇంటివాళ్ళు విప్పేశారు. ఇంకో ఇంటివాళ్ళు రేపటిదాకా చూస్తామన్నారు. చూడనివ్వండి.

రేపు అమావాస్య. ఆ రోజు మొగలో పోటు ఎలా ఉంటుందో తెలిసే ఆ తిథి పెట్టారో, తిథులంటే ఏంటో తెలియక పెట్టారో. ఏదైనా ఒకటే. రేవు దగ్గర మీ మనిషిని నిలబెట్టండి. వస్తున్నాం.

అమావాస్య

మీ అధికారి ఏం రాసి పంపిందో నాకు తెలియదు. నేను రాసేది ఇది.

పోటు నిలిచే వేళ చూసుకుని బయల్దేరాం. నావలో ఇద్దరమే. నేను వెనక చుక్కాని పిడి పట్టుకున్నాను. మావ నా ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి మీట ఆడిస్తున్నాడు. లంకంతా ఒడ్డున ఉంది గాని ఎవరూ అరవలేదు, కేకలేస్తే ఇంజిను చప్పుడు వినపడదని కాబోలు.

మొగలోకి వెళ్ళాక నీళ్ళు మా మాట వినడం మానేశాయి. అటునుంచి సముద్రం, ఇటునుంచి ఏరు, మధ్యలో మేం. నావ ముక్కు పైకి లేస్తోంది, దబ్బున పడుతోంది. ఫ్యాను నీళ్ళలోంచి బయటికొచ్చినప్పుడల్లా ఇంజిను కీచుమంటోంది. నాకు భయం వేసింది. ఒకసారి మావ మోకాళ్ళ మీద పడ్డాడు. పడి కూడా మీట వదల్లేదు, మోకాళ్ళ మీదే ఆడించాడు.

సింహాద్రి నావ తిరగబడిన చోటు నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అక్కడికి వచ్చేసరికి అడిగాను.

"దణ్ణం పెట్టుకుంటావా మావా? ఒక్క చిటిక ఆపుతాను."

"ఆపకు. సేతులు ఖాళీగా లేవని ఆడికి కనపడతానే ఉంది."

ఆ తర్వాత నేను ఏడుస్తూనే నడిపాను. ముందు నీళ్ళు, కళ్ళలో నీళ్ళు, దారి సరిగా కనపడలేదు. అయినా మీ రేవు స్తంభానికి సరిగ్గా తీసుకెళ్ళి ఆనించాను.

రేవులో మీ అధికారి ఉంది. మృదుల అని చెప్పింది, చిన్నపిల్ల. మనిషి మంచిదే. మమ్మల్ని చూసి ముందు ఆవిడ మొహంలో ఆశ్చర్యం, తర్వాత సంతోషం కనపడ్డాయి. ఇంజిను ఆపాను. ఆవిడ చేతి యంత్రంతో దాన్ని పైనుంచి కిందికి చూసింది. యంత్రం ఎర్రదీపం వెలిగించింది.

"నీళ్ళ పంపు లేదంటోందండీ. పంపు లేని మోటారుని మోటారుగా ఒప్పుకోదు" అంది.

"పంపు అదిగో ఉందమ్మా" అని మావని చూపించాను.

"అది మందు కొట్టేది కదండీ. పైగా ఆయన మనిషి." కాసేపు తన యంత్రంలోనే ఏదో వెతుక్కుంది. "రూలు ఏమిటంటే, చేత్తో విడదీయగలిగినది మోటారులో భాగం కాదు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి."

"రూలంటే రూలే. విడదీసి చూడండి" అన్నాను.

ఆవిడ నావలోకి దిగింది. ఇంజిను ఆపి చాలాసేపయినా మావ ఇంకా మీట ఆడిస్తూనే ఉన్నాడు. ఇంజిను వేడి తగ్గలేదని ఆయన భయం. "తాతగారూ, ఇక వదిలెయ్యండి" అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో పట్టి లాగింది. రాలేదు. బొబ్బలు చితికి, ఉప్పునీళ్ళకి బిగుసుకుపోయి ఆయన వేళ్ళు మీట చుట్టూ ముడి పడిపోయాయి. ఒక్కో వేలూ విప్పబోయి ఆ రక్తం చూసి ఆగిపోయింది.

"నాకూ రావట్లేదమ్మా. ఇందాకట్నించీ సూత్తన్నాను" అన్నాడు మావ.

ఆవిడ చేతికంటిన రక్తం నావ అంచుకి తుడుచుకుంది. తర్వాత లేచి, యంత్రానికి చెప్పవలసిన మాట పైకే చెప్పింది. "నీళ్ళ పంపు ఉంది. విడదీయడానికి వీలు కాలేదు." దీపం పచ్చగా మారింది. యంత్రం మా లంక పేరు పలికి, ఖాళీ చేయించనక్కర్లేదని మూగపడవ గొంతుతోనే చదివింది.

నేను నావ అంచు పట్టుకుని నిలబడిపోయాను.

"తిరిగి ఎలా వెళ్తారండీ ఆ చేతులతో? మా పడవకి తాడు కట్టి దింపమంటాను. రూలు ప్రకారం రావడమే లెక్క, ఇక ఇబ్బంది లేదు" అంది మృదుల.

మావ నా వైపు తిరిగాడు. మొహం మీద ఉప్పు చారలు కట్టింది.

"సేతి ఏల్లు ఎలాగూ ఊడి రావట్లేదు, ఖాళీగా ఎందుకుండడం" అన్నాడు. "ఇంజిను తాడు లాగవే అమ్మాయ్."

లాగాను.